యాభయ్యో ప్రశ్న

స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటుగా నాకు లైసెన్సు ఉంది. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి మా హాల్లో టీవీ పక్కన మేకుకి తగిలించారు మా ఆయన. ఇంటికొచ్చినవాళ్లు దాన్ని చూసి, “ఈ వయసులో పరీక్ష రాసి పాసయ్యారా! మెచ్చుకోవాలండి మిమ్మల్ని” అంటారు. నేను వంటింట్లోకి వెళ్లి టీ పెడతాను. టీ తాగని వాళ్లకి కూడా పెడతాను. ఆ కాగితం ముందు నిలబడి మెప్పు అందుకోవడం నాకు చేతకాదు.

మాది రామచంద్రపురం. ఆరేళ్లుగా ఒక కంపెనీ తరఫున ప్లాట్లు అమ్ముతున్నాను. అంతకుముందు ఇంట్లోనే చీరలు అమ్మేదాన్ని. చీరలప్పుడు ఎవరికి ఏ రంగు నప్పుతుందో తెలిసేది, ప్లాట్లలోకి వచ్చాక ఎవరికి ఏ మాట నప్పుతుందో తెలిసింది. నోరుంది, స్కూటీ ఉంది, చర్చిలో స్త్రీల సమాజం మొత్తం తెలుసు. ఈ మూడూ ఉన్నదానికి చదువెందుకు అనుకునేదాన్ని. ఇంటర్ తప్పానన్న సంగతి కూడా మర్చిపోయాను.

పోయిన వేసవిలో, మే నెల చివర, కంపెనీ ఓనరుగారు మమ్మల్నందరినీ ఆఫీసుకి పిలిచి బాంబు పేల్చారు. ఇక మీదట శిక్షణ తీసుకుని, పరీక్ష పాసై, లైసెన్సు తెచ్చుకున్నవాళ్లే ప్లాట్లు అమ్మాలట. యాభై ప్రశ్నలు, కంప్యూటర్ మీద, రాజమండ్రిలో. నాకు ఒళ్లు మండిపోయింది. “ఆరేళ్లుగా అమ్ముతున్న ప్లాట్లకి ఇప్పుడు పరీక్షేంటండి? ఇన్నాళ్లూ నేను అమ్మింది పకోడీలా?” అని అడిగేశాను. అందరూ నవ్వారు. ఓనరుగారు నవ్వకుండా నా చేతిలో లావుపాటి పుస్తకం ఒకటి పెట్టారు.

పుస్తకం తెలుగులోనే ఉంది, కానీ అది నేను మాట్లాడే తెలుగు కాదు. ఫోన్లో ఆన్‌లైన్ క్లాసులు పెట్టారు. పప్పు తిరగమోత వేసుకుంటూ వినేదాన్ని, క్లాసు అయ్యేసరికి పప్పు తప్ప ఏమీ మిగిలేది కాదు. కార్పెట్ ఏరియా అంటే తివాచీ పరుచుకునే గది అనుకుని ఒక కస్టమరుకి కూడా అలాగే చెప్పానని తెలిసినప్పుడు మా ఆయన సోఫా మీద పడి నవ్వారు. రైసు మిల్లులో గుమస్తా పని చేస్తారాయన, లెక్కలు తప్ప లోకం తెలియదు. “నీకు చదువు చెప్పేవాళ్లెవరూ ఈ ఊళ్లో లేరు, ఆ టీచర్‌గారు తప్ప” అన్నారు.

ఆయన మామూలుగా అన్న మాటే. నా చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది. ఆ టీచర్‌గారి దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికైనా వెళ్లగలను అనుకున్నాను.

ఆవిడ మిషను స్కూల్లో నాకు ఎనిమిదో తరగతిలో సోషల్ చెప్పారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక మా చర్చి దగ్గరే ఒక మేడ మీద రెండు గదుల పోర్షన్లో అద్దెకుంటున్నారు. మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి, మళ్లీ ఇంకో మెట్టు. ఆదివారం ఆవిడ మేడ దిగి చర్చికి వచ్చేసరికి మొదటి పాట అయిపోయేది.

క్లాసులో ఆవిడ పద్ధతి వేరు. తప్పు చెబితే కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. మర్నాడు క్లాసులోకి రాగానే, హాజరు కూడా తీసుకోకుండా, అదే పిల్లని లేపి అదే ప్రశ్న అడిగేవారు. మళ్లీ తప్పితే ఆ మర్నాడు మళ్లీ. సరైన జవాబు వచ్చాక శెభాష్ అనడం కూడా ఉండేది కాదు. “కూర్చో” అనేవారు, అంతే. గోదావరి ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకి నేను నాలుగు రోజులు నిలబడ్డాను. రోజూ ఆ నీళ్లే తాగుతున్నాం కదా, ఎక్కడ పుడితే నాకేంటని నా పొగరు. ఐదో రోజు చెప్పాను. ఆవిడ కూర్చో అన్నప్పుడు నాకు కలిగిన సుఖం ఇప్పటికీ గుర్తుంది.

ఆ టీచర్‌గారికి, పరీక్ష సంగతి తెలియడానికి మూడు వారాల ముందే, నేను ఒక ప్లాటు అమ్మాను.

ఆ అమ్మకం సంగతి చెప్పే ముందు మా వ్యాపారం గురించి ఒక మాట చెప్పాలి. ఎవరూ నోటితో నేర్పరు గానీ అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. పొలాల మధ్య వేసిన లేఅవుట్లని కాలవలు కట్టేశాకే చూపించాలి. ఏటా ఎండాకాలంలో మరమ్మతుల కోసం ధవళేశ్వరం దగ్గర నీళ్లు ఆపేస్తారు. డెల్టా అంతా ఎండిపోతుంది. అప్పుడు ఏది మెరకో ఏది పల్లమో, ఏది రోడ్డో ఏది పొలాలకి నీళ్లు పారే పంట బోదో కొత్తవాళ్లు పోల్చుకోలేరు. జూన్లో నీళ్లు వదిలితే నేల తన సంగతి తనే చెప్పేస్తుంది. అందుకే మాకు ఏప్రిల్, మే నెలలే సీజను. కస్టమర్లకి మాత్రం, “ఎండల్లో అయితే బురద ఉండదు కదండి, హాయిగా నడిచి చూసుకోవచ్చు” అని చెబుతాం.

టీచర్‌గారు మెట్ల బాధ పడలేక కింద ఇల్లు కట్టుకోవాలనుకున్నారు. రిటైరైనప్పుడు వచ్చిందంతా దానికోసమే దాచుకున్నారు. వాస్తు నమ్మరు గానీ తూర్పు ముఖమే కావాలన్నారు. పొద్దుటి ఎండ వరండాలో పడాలి, అక్కడ కుర్చీ వేసుకుని బైబిలు చదువుకోవాలి, అదీ ఆవిడ కోరిక. మా లేఅవుట్లో తూర్పు ముఖం ప్లాటు ఒక్కటే మిగిలి ఉంది, చిట్టచివర. అది ఎందుకు మిగిలిందో నాకు తెలుసు. దాని తూర్పున రోడ్డులా కనిపించేది రోడ్డు కాదు. బోదెని గ్రావెలుతో పూడ్చేశారు. ఆఫీసులో ఉన్న సర్వే పటంలో అక్కడ సన్నటి జంట గీత ఉంది, చూశాను. పటం చూడకపోయినా తెలిసేది. మా అమ్మ ఊడ్పులకి వెళ్లేటప్పుడు నన్ను బోదె గట్ల మీదే కూర్చోబెట్టేది. నాకు తెలియకేం!

స్కూటీ మీద ఎక్కించుకుని తీసుకెళ్లాను. ఆవిడ గొడుగు వేసుకుని నెమ్మదిగా చుట్టూ నడిచి, ఆ పక్కకి వచ్చి ఆగారు.

“తూర్పున ఇది ఏంటమ్మా? కాస్త పల్లంగా ఉంది.”

“రోడ్డండి. ఇంకో పొర గ్రావెల్ పడితే సమానమైపోతుందండి.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఆవిడ సరేనమ్మా అన్నారు. నా మాట మీద మళ్లీ ఎవరినీ అడగలేదు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు పాస్టరుగారిని, స్త్రీల సమాజంలో నలుగురిని తీసుకొచ్చి నాలుగు మూలలా రాళ్ల దగ్గర ప్రార్థన చేయించుకున్నారు. తూర్పు వైపు రాయి దగ్గర పాస్టరుగారు, ఈ నేల మీద మీ బిడ్డకి నెమ్మది దయచేయండి ప్రభువా అన్నారు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది నేనే.

ఇదీ సంగతి. అందుకే ఆవిడ దగ్గరికి వెళ్లలేననుకున్నాను. కానీ నేను వెళ్లనక్కర్లేకపోయింది. ఆ ఆదివారమే చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకున్నారు.

“పరీక్ష రాస్తున్నావటగా! రేపటి నుంచి సాయంత్రం నాలుగింటికి రా. నేను చెబుతాను.”

“మీకెందుకండి శ్రమ, నేనేదో తంటాలు పడతానండి.”

“శ్రమేంటమ్మా? నాకు మాత్రం ఏం తోస్తుంది? నాకు ఇల్లు చూసిపెట్టావు, ఆ మాత్రం చెయ్యనా?”

మర్నాడు నాలుగింటికి వెళ్లి ఆవిడ మెట్లెక్కాను.

ఆవిడ చదువు చెప్పే తీరు ఏం మారలేదు. ఏ రోజు పాఠం ఆ రోజు ముందు తను చదివి, పెన్సిలుతో గీతలు గీసి, పాత శుభలేఖల్ని చీట్లుగా కత్తిరించి ప్రశ్నలు రాశారు. ఖాళీ వైపు పైన ప్రశ్న, కింద చిన్న అక్షరాలతో జవాబు. జవాబుని బొటనవేలితో మూసి చీటీ నా మొహం ముందు పెట్టేవారు. అవతలి వైపు ఎవరిదో పెళ్లికొడుకు పేరు సగం తెగి ఉండేది. “ఇ.సి. అంటే ఏంటి? దాంట్లో ఏముంటుంది? ఏముండదు?” అని అడిగేవారు. తప్పితే ఆ చీటీ పక్కన పెట్టి, మర్నాడు అదే మొదట తీసేవారు. సరిగ్గా చెబితే “కూర్చో” అనేవారు. అప్పటికే కూర్చుని ఉన్నాను కాబట్టి ఇద్దరికీ నవ్వొచ్చేది.

ఆ నవ్వులోనే నాకు సిగ్గుగా ఉండేది. ఆవిడ కాచి ఇచ్చిన బూస్టు తాగుతూ, స్థలం అమ్మేవాడు దాచకూడని విషయాలు ఏవేవో ఆవిడకే అప్పజెప్పేదాన్ని. చదువు బాగా ఎక్కుతోంది కూడా. నాకు బుర్ర లేదని కాదు, ఆ బుర్రని దేనికి వాడానో అదీ బాధ.

పుస్తకంలో పన్నెండో పాఠం ఉంది. కాలువలు, మురుగు డ్రెయిన్లు, పంట బోదెలు ఉన్న చోట లేఅవుట్లు వేస్తే ఏం పాటించాలి, కొనేవాళ్లకి ఏం చెప్పాలి అన్న పాఠం. పదకొండోది నడుస్తున్న రోజు ఇంటి దగ్గర ఆ పన్నెండో పాఠం పేజీలన్నిటికీ కలిపి స్టాప్లరుతో మూడు పిన్నులు కొట్టాను. మర్నాడు ఆవిడ వేలితో తడిమి చూశారు.

“ఇవేంటమ్మా, కుట్టేశారు?”

“అది సిలబస్‌లో లేదంటండి. వాళ్లే కొట్టేసి ఇచ్చారండి.”

“లేనిదాన్ని అచ్చు వెయ్యడం ఎందుకో!” అని పదమూడో పాఠం తీశారు.

అబద్ధాలు నాకు కొత్త కాదు. ఆరేళ్లుగా అవి నా పనిలో భాగం. వాటిని అబద్ధాలని కూడా అనుకునేదాన్ని కాదు, మాటకారితనం అనుకునేదాన్ని. కానీ పుస్తకం గురించి టీచర్‌కి అబద్ధం చెప్పిన ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. ఎనిమిదో తరగతిలో కూడా అంత పని చెయ్యలేదు నేను. చెప్పేద్దాం అని మూడో మెట్టు మీద ఆగాను. చెబితే ఏమవుతుంది? ప్లాటు వెనక్కి తీసుకోమంటారు, ఓనరుగారు నన్ను తీసేస్తారు, చర్చిలో తలెత్తుకోలేను. పరీక్ష అయ్యాక చూద్దాం అనుకుని దిగిపోయాను. ఆ తర్వాత రోజూ ఆ మూడో మెట్టు దగ్గర అదే తంతు.

జూన్లో కాలవలకి నీళ్లు వదిలారు. టీచర్‌గారు సైటు చూసొద్దామా అని రెండుసార్లు అడిగారు. ఆ మోకాళ్లతో నా స్కూటీ లేకుండా వెళ్లలేరు. “పరీక్ష అవనివ్వండి” అన్నాను. ఆవిడకి ఆ మాట నచ్చింది. “అవును, ముందు చదువు. ఆగస్టులో ఎలాగూ పునాది తీస్తున్నాం” అన్నారు. మేస్త్రీతో మాట్లాడేసుకున్నారట. ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. పునాది తీశాక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. చెప్పడానికి నాకు రెండు నెలలు కూడా లేదు.

జూలైలో పరీక్ష. రాజమండ్రి దాకా నేనూ వస్తానని పట్టుబట్టారావిడ. పులిహోర బాక్సు, మంచినీళ్ల సీసా, చీట్ల కట్ట, నా పుస్తకం అన్నీ తన గుడ్డ సంచీలో పెట్టుకుని బస్సెక్కారు. నాకు నలభై ఏడేళ్లు. పరీక్ష సెంటరు ముందు ఆవిడ నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే పక్కన ఉన్న కుర్రాళ్లు మర్యాదగా చూపు తిప్పుకున్నారు.

మౌస్ పట్టుకోవడానికి కాస్త తడబడ్డాను గానీ ప్రశ్నలు తేలిగ్గానే వచ్చాయి. చీట్లలో ఉన్నవే చాలావరకు. ముప్పై దాటాక ఒక ప్రశ్న తెర మీదికొచ్చింది. లేఅవుట్ పక్కన పంట బోదె ఉన్న సంగతి ఏజెంటుకి తెలిస్తే కొనుగోలుదారుకి ఎప్పుడు తెలియజేయాలి? అడిగినప్పుడు మాత్రమే. రిజిస్ట్రేషన్ అయ్యాక. డబ్బు తీసుకోకముందే, అడిగినా అడగకపోయినా. తెలియజేయనక్కర్లేదు.

నేను మూడోది నొక్కాను. అంత చదువు చెప్పించుకుని, అంత తప్పు చేసి, మార్కు కోసం సరైన జవాబు నొక్కి నెక్స్ట్ కొట్టాను. ఇన్ని నెలల్లో నేను అన్నిటికంటే సిగ్గుపడేది ఆ నెక్స్ట్ కొట్టినందుకే.

నేను బయటికి వచ్చేసరికి టీచర్‌గారు షెడ్డు కింద బల్ల మీద నోటుపుస్తకం తెరిచి కూర్చుని ఉన్నారు. అందులో ఒకటి నుంచి యాభై దాకా అంకెలు వేసి ఉంచారు. మా స్కూల్లో పబ్లిక్ పరీక్షలప్పుడు కూడా ఇలాగే గేటు దగ్గర కూర్చుని, వచ్చిన ప్రశ్నలన్నీ పిల్లలతో చెప్పించి, రాసుకుని, అప్పటికప్పుడు మార్కులు వేసేవారు.

“చెప్పు. ఏమేం వచ్చాయి?”

చీట్లు ఒక్కొక్కటీ తీసి ఇది వచ్చిందా, ఇది వచ్చిందా అని అడుగుతుంటే నేను జవాబు చెబుతున్నాను. ఆవిడ టిక్కు పెడుతున్నారు. చీట్లు అయ్యాక మిగతావి గుర్తు తెచ్చుకుని చెప్పాను. పులిహోర తింటూ చెప్పాను. గంట పట్టింది. చివర్న ఆవిడ పెన్సిలుతో లెక్కపెట్టి తల ఎత్తారు.

“నలభై తొమ్మిదే చెప్పావు. ఒకటేదో మర్చిపోయావు.”

“గుర్తు రావట్లేదండి.”

“వస్తుందిలే. ఆలోచించు.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఇవతల నేను. రోడ్డు వెంబడే కాలవ నిండుగా ఉంది. రెండు స్టాపులకోసారి ఆవిడ నా వైపు తిరిగి “వచ్చిందా?” అని అడుగుతున్నారు. లేదండి అంటున్నాను. నేను పాసైపోయానని ఆవిడకి తెలిసిపోయింది, ఆ సంతోషంలో ఉన్నారు. ఆ ఒక్క ప్రశ్న ఆవిడకి ఆట. కడియం దగ్గరపడుతుంటే లేచి సంచీ భుజానికి తగిలించుకున్నారు.

“ఇక్కడ దిగుదాం రా. నర్సరీలో రెండు నందివర్ధనం మొక్కలు కొందాం. సైటులో తూర్పు పక్కన రోడ్డు వారనే పెడదాం. నువ్వు పాసైన రోజున పెట్టిన మొక్కలని చెప్పుకోవచ్చు.”

కండక్టరు “కడియం, కడియం” అని అరుస్తున్నాడు. ఆవిడ సీటు పట్టుకుని, మోకాలి నొప్పితో పెదవి బిగించి, నన్ను దాటి రావడానికి ఒక కాలు ముందుకి వేశారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“దిగొద్దండి. ఆ ప్రశ్న గుర్తొచ్చిందండి.”

ఆవిడ నవ్వుతూ కూర్చున్నారు. బస్సు కదిలింది. సంచీలోంచి నోటుపుస్తకం తీసి, యాభయ్యో అంకె దగ్గర పెన్సిలు పెట్టి, “చెప్పు” అన్నారు.

చెప్పాను. ప్రశ్న మొత్తం, ఒక్క మాట పొల్లుపోకుండా. ఆప్షన్లు చెప్పమన్నారు. నాలుగూ చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న చెయ్యి మూడోదాని దగ్గర నెమ్మదించింది.

“నువ్వేం పెట్టావు?”

“మూడోదండి. డబ్బు తీసుకోకముందే చెప్పాలని.”

“అడగకపోయినా.”

“అడగకపోయినా అండి.”

“కరెక్టే” అని టిక్కు పెట్టారు. మిగతా నలభై తొమ్మిదికీ ఎలా పెట్టారో అలాగే, అంతే సైజులో. తర్వాత నా పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుని, పన్నెండో పాఠం వెతికి, గోరుతో పిన్ను ఒక్కొక్కటీ పీకడం మొదలుపెట్టారు. రెండోది గోట్లో దిగితే వేలు నోట్లో పెట్టుకున్నారు. నేను తీస్తానండి అన్నాను, ఇవ్వలేదు. మూడూ తీసి సంచీలో వేసుకుని ఆ పాఠం చదువుకుంటూ కూర్చున్నారు. రామచంద్రపురంలో బస్సు దిగాక, “రేపు పొద్దున్నే సైటుకి తీసుకెళ్లు” అన్నారు.

నా బతుకులో అంత నెమ్మదిగా స్కూటీ ఎప్పుడూ నడపలేదు. సైటు దగ్గర పడేసరికే నీళ్ల చప్పుడు వినిపించింది. కింది పొలాల రైతులు పూడ్చిన గ్రావెల్‌ని తవ్వి పారేశారు. బోదె మళ్లీ బోదెలా పారుతోంది. గట్టు లేకపోవడంతో సగం నీళ్లు టీచర్‌గారి ప్లాటులోకి పొర్లి, మేం ప్రార్థన చేసిన తూర్పు రాయి ఒక పక్కకి వాలిపోయింది. పార పట్టుకుని ఉన్న ఒక ముసలి రైతు మమ్మల్ని చూసి తలపాగా విప్పాడు.

“మేడంగారండి, మా మీద కోప్పడమాకండి. ఈ బోదె మా తాతల కాడ్నుంచీ ఉందండి. పూడ్సేత్తే మా సేలకి నీళ్లెలాగొత్తాయండి?”

“మీ నీళ్లు మీవే బాబూ. పారనివ్వండి” అన్నారు టీచర్‌గారు.

అతను ఆయ్ అని తన పనిలో పడ్డాడు. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మేలో ఆగిన చోటే వచ్చి ఆగారు. నా వైపు తిరిగారు. కోపం లేదు మొహంలో. క్లాసులోకి రాగానే హాజరు తీసుకోకుండా ఉండే ఆ మొహం.

“తూర్పున ఇది ఏంటమ్మా?”

“బోదె అండి” అన్నాను. నీళ్ల చప్పుడులో వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. “పంట బోదె అండి. మీరు అడిగిన రోజే నాకు తెలుసండి. తెలిసే రోడ్డని చెప్పానండి.”

ఆవిడ తల ఊపారు. నేను ఎదురుచూస్తున్నాను. నలభై ఏడేళ్ల ఆడదాన్ని, బురదలో నిలబడి, సిగ్గు లేకుండా “కూర్చో” అన్న ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తున్నాను. ఆవిడ “ఎండెక్కుతోంది, పద” అన్నారు.

ఆ తర్వాత ఓనరుగారితో రెండు నెలలు పోట్లాడాను. పన్నెండో పాఠంలో ఉన్నదంతా ఆయనకి అప్పజెప్పాను. ప్లాటు మార్చకపోతే కంప్లయింట్ మీద మొదటి సాక్షి సంతకం నాదే అన్నాను. లైసెన్సు చేతికొచ్చిందని పొగరా అన్నారాయన. అవునండి అన్నాను. చివరికి మార్చారు, ఆ కంపెనీకి నేను పనికిరాకుండా పోయాను. కానీ ఇదంతా చెప్పి నేను మంచిదాన్నని అనిపించుకోవాలని కాదు. లోపలి వరసలో దొరికింది ఉత్తర ముఖం ప్లాటు. ముందు, వెనక, పక్కన ఇళ్లు వస్తాయి. పొద్దుటి ఎండ ఆవిడ వరండాలో పడదు. ఆ సంగతి ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

డిసెంబర్లో పునాది ప్రార్థనకి అందరితో పాటు నన్నూ పిలిచారు. షామియానా వేసి ప్లాస్టిక్ కుర్చీలు వేయించారు. ఆవిడ చేతికర్ర పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ వచ్చినవాళ్లందరినీ కూర్చోండి, కూర్చోండి అంటున్నారు. పాస్టరుగారిని, స్త్రీల సమాజం వాళ్లని, మేస్త్రీని, మా ఆయన్ని కూడా అన్నారు. నేను షామియానా గుంజ పక్కన నిలబడ్డాను. ఆవిడ నా ముందు నుంచే రెండుసార్లు వెళ్లారు. ఒకసారి, మంచినీళ్లు అందాయా అమ్మా అని అడిగారు. అందాయండి అన్నాను.

మా ఆయన పక్క కుర్చీ మీద చేత్తో తట్టి రమ్మని సైగ చేశారు. ఆ వరసలోనే ఇంకా రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. నేను ఆఖరి ఆమెన్ దాకా నిలబడే ఉన్నాను.